దేవుడే చెప్పాడంటే ఇక అడగకూడదా?

“ఇది నా సొంత జ్ఞానం కాదు, దేవుడు బయలుపరచిన సంగతి.” కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఏ మందిరానికి వెళ్లినా ఎప్పుడో ఒకప్పుడు చెవినపడే మాట ఇది. ఎక్కువగా దీన్ని చెప్పేది రెండు రకాల మనుషులు. ఒకరు బడి మొహం చూడని కూలి మనిషి. సాక్ష్యం చెప్పడానికి లేచి, కొంగు సర్దుకుని, “నాకు సదువు రాదు గానీ దేవుడు నాకు నేర్పించినాడు” అంటుంది. మరొకరు మైకు పట్టుకున్న దైవజనుడు. అదే మాట చెప్పి, ఆపైన ఎవరూ నోరెత్తకుండా చేసుకుంటాడు. ఇద్దరూ ఎత్తి చూపే వచనాలు ఒకటే. ఆమె వాటితో తనకు ఎవరూ ఇవ్వని స్థానాన్ని సంపాదించుకుంటుంది. ఆయన తనకున్న స్థానానికి కంచె వేసుకుంటాడు. ఈ తేడా పట్టుబడాలంటే ఆ వచనాలు ఎక్కడివో, ఎవరితో ఎందుకు అన్నవో చూడాలి.

ఆధ్యాత్మిక సత్యాన్ని మనిషి తెలివితో కాక దేవుని దగ్గరే నేర్చుకోవాలన్నది క్రైస్తవంలో ఓ మూలనున్న సంగతి కాదు. “నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక” అని సామెతల గ్రంథం 3వ అధ్యాయం చెబుతుంది. “వారందరును దేవునిచేత బోధింపబడుదురు” అన్న ప్రవక్తల మాటను యేసు యోహాను సువార్త 6వ అధ్యాయంలో ఎత్తి చెబుతాడు. ప్రకృతి సంబంధియైన మనిషికి, అంటే దేవుని ఆత్మ లేనివాడికి, ఆ ఆత్మ విషయాలు వెర్రితనంగా కనిపిస్తాయని తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయంలో అంటాడు. క్యాలెండర్ మీద అచ్చేసిన వచనాల్లా వీటిని విడివిడిగా చదివితే, ఆలోచించడమే పాపమనిపిస్తుంది. కానీ స్వబుద్ధిని నమ్ముకోవద్దన్న సామెతల గ్రంథమే, సోమరిని చీమ దగ్గరికి వెళ్లి నేర్చుకోమంటుంది. ఆలోచన చెప్పేవారు లేనిచోట ఉద్దేశాలు వ్యర్థమవుతాయని 15వ అధ్యాయంలో హెచ్చరిస్తుంది. అది తప్పుపట్టేది బుద్ధిని కాదు, ‘నా బుద్ధి ఒక్కటే చాలు’ అనుకోవడాన్ని.

పౌలు మాటల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. అసలు పేచీ అంతా అక్కడే ఉంది. కొరింథు పాత గ్రీకు నగరమే అయినా, నాశనమైన దాన్ని క్రీస్తుపూర్వం 44లో జూలియస్ సీజర్ రోమా వలస నగరంగా మళ్లీ నిలబెట్టాడు. రేవుల మధ్య ఊరు, కొత్త డబ్బు, పైకి రావాలన్న తపన. అలాంటి చోట వక్తకు విలువెక్కువ. బాగా మాట్లాడేవాడి వెనక జనం చేరతారు, ఎవరి వెనక చేరారన్నదాన్ని బట్టి వాళ్ల స్థాయి లెక్కకడతారు. సంఘంలోకీ అదే వచ్చిపడింది. “నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను, నేను కేఫావాడను” అంటూ ఒక్కో బోధకుడి పేరిట చీలిపోయారని పౌలు మొదటి అధ్యాయంలోనే బయటపెడతాడు. ఈ ముక్కను మరోచోట వివరించి చెప్పాలేమో గానీ రాయలసీమలో అక్కర్లేదు. “నువ్వు ఎవరి మనిషివి?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా కొన్ని ఊళ్లలో టీ కూడా తాగలేని రోజులు ఈ సీమ చూసింది. వర్గం అంటే ఏమిటో, వర్గం పెద్ద మాట ఎందుకు చెల్లుతుందో ఇక్కడి విశ్వాసికి పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన పని లేదు.

పౌలు “మనుష్యుల జ్ఞానము” అని పక్కకు నెట్టింది ఈ సరుకునే. “తియ్యని మాటలు” వాడలేదని ఆయన అన్నది, జనాన్ని తన వైపు లాక్కునే మాటకారితనం గురించి. నేరస్థుడిగా సిలువ మీద చచ్చిన మనిషి దేవుని జ్ఞానమని చెప్పడానికి ఏ వాగ్ధాటీ పనికిరాదు. పలుకుబడిని బట్టి మనిషిని తూచేవాళ్లకు అది ఎన్నటికీ అర్థం కాదు. అదే ఉత్తరంలో 14వ అధ్యాయానికి వచ్చేసరికి, ఎవరికీ తెలియని భాషలో పదివేల మాటల కంటే ఇతరులకు బోధపడేలా మనసుతో అయిదు మాటలు పలకడం మేలంటాడు. ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడితే తక్కినవారు వివేచించాలంటాడు. అంటే ఆత్మ ఇచ్చిన మాటకు కూడా వినేవాళ్ల వివేచన దాటితేనే విలువ. రెండో అధ్యాయాన్ని ఎత్తి పట్టుకుని పద్నాలుగో అధ్యాయాన్ని దాచిపెట్టే ప్రసంగం పౌలును సగమే చదివినట్టు.

“జ్ఞానులకును వివేకులకును” మరుగుచేసి “పసిబాలురకు బయలుపరచినావు” అని యేసు తండ్రిని స్తుతించిన చోటు మత్తయి 11వ అధ్యాయం, 25వ వచనం. సాధారణంగా ప్రసంగం అక్కడే ఆగుతుంది. మూడు వచనాలు దాటితే, “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా” అన్న పిలుపు ఉంది. రెండూ ఒకే ఊపిరిలో అన్నవి. కాబట్టి ఆ పసిబాలురు ఎవరో వెతకనక్కర్లేదు, బరువు మోసి అలసిపోయినవాళ్లే. బేతంచెర్ల నాపరాయి యూనిట్లలో రోజంతా బండలు ఎత్తి దించిన ఆడమనిషి సాయంత్రం కూటంలో ఈ మాట విన్నప్పుడు, భారం అన్నది ఆమెకు అలంకారం కాదు. భుజం మీద కాయగా కట్టిన సంగతి. గ్రీకు మూలం చదవగల పండితుడికి ఆ వాక్యంలో ఏ క్రియ ఏ రూపంలో ఉందో తెలుస్తుంది. ఆ మాట తన కోసం అన్నదేనని ఆమెకు తెలుస్తుంది. ఈ రెండూ ఒకే రకం తెలివిడి కావు, ఒకదానికి ఒకటి పోటీ కూడా కావు.

సీమ పల్లెల్లో క్రైస్తవం వేళ్లూనుకున్నది ప్రధానంగా మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో. “లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు” అని పౌలు రాసిన మాట అక్కడ ఓదార్పుగా కాదు, ఉన్నదున్నట్టు చెప్పిన వివరంగానే వినబడి ఉంటుంది. అక్షరం దగ్గరికి రానివ్వని సమాజంలో, దేవుణ్ని తెలుసుకోవడానికి అక్షరం అర్హత కాదన్న బోధకు ఎంత బలం ఉంటుందో ఊహించవచ్చు. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, కీర్తనలు నోటికి నేర్చుకునే ఆ పల్లెల్లోని తొలితరం తన విశ్వాసం నిలబెట్టుకుంది. అందుకే ఆ కూలి మనిషి “దేవుడు నాకు నేర్పించినాడు” అన్నప్పుడు దాన్ని అమాయకత్వమని చిరునవ్వుతో దాటేయడం తప్పు. అయితే ఆమె నేర్చుకున్న ఆజ్ఞలు, కీర్తనలు ఆకాశం నుంచి రాలలేదు. ఎండలో ఊరూరా నడిచిన ఉపదేశులు, బైబిలు స్త్రీలు ఒక్కొక్క వాక్యం పలికించి నేర్పినవి. వాళ్ల చేతిలోని తెలుగు కొత్త నిబంధన వెనక కూడా మనుషుల చెమటే ఉంది. శ్రీరాంపూర్‌లో 1818లో అచ్చయిన నాటి నుంచి అనువాదకులు, పండితులు దాన్ని దిద్దుతూనే వచ్చారు.

దేవుడు నేర్పడం, మనుషులు నేర్పడం అన్నవి రెండు వేరు దారులు అనుకోవడంలోనే చిక్కు మొదలవుతుంది. సుమారు 1600 ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలో హిప్పో నగర బిషప్పుగా ఉన్న అగస్టీను ముందుకూ ఈ వాదం వచ్చింది. మనిషి సాయం లేకుండా లేఖనాలు అర్థం చేసుకుంటామని గొప్పలు పోయేవారిని ఆయన అడిగింది చిన్న ప్రశ్నే: మీకు అక్షరాలు ఎవరు నేర్పారు? ఆపైన లేఖనాల్లోంచే ఉదాహరణలు తీశాడు. దమస్కు దారిలో స్వయంగా క్రీస్తు స్వరం విన్న పౌలును అననీయ అనే మనిషి దగ్గరికి పంపారు. దేవదూత కనబడిన రోమా శతాధిపతి కొర్నేలీ, యేసు శిష్యుడు పేతురును పిలిపించుకోవాల్సి వచ్చింది. యెషయా గ్రంథం చదువుకుంటూ పోతున్న ఐతియొపీయుడు “ఎవడైనను నాకు త్రోవ చూపకుంటే ఏలాగు గ్రహింపగలను” అన్నాడు, ఆత్మ ఫిలిప్పును ఆయన రథం దగ్గరికి నడిపించాడు. దేవదూతే ఆ వచనానికి అర్థం చెప్పేసి ఉండవచ్చు కదా, చెప్పలేదు. అదే అగస్టీను మరోచోట, బయటి గురువు మాటలు చెవిదాకానే వస్తాయని, లోపల సత్యాన్ని చూపేది క్రీస్తేనని వాదించాడు. ఆయన దృష్టిలో ఈ రెంటికీ పొసగకపోవడమంటూ ఏమీ లేదు.

16వ శతాబ్దంలో ఇది మళ్లీ రాజుకుంది. 1521 చివర్లో జర్మనీలోని జ్వికౌ పట్టణం నుంచి విట్టెన్‌బర్గ్‌కు వచ్చిన కొందరు తమతో దేవుడు నేరుగా మాట్లాడుతున్నాడన్నారు. ప్రొటెస్టెంటు సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ వారిని నమ్మలేదు. తర్వాతి తరంలో మరో సంస్కర్త జాన్ కాల్విన్ చెప్పిన మాట ఈ మొత్తం చర్చలో బహుశా అన్నిటికంటే పనికొచ్చేది. లేఖనం దేవుని మాటేనన్న నిశ్చయం వాదనలతో రాదు, హృదయంలో ఆత్మ ఇచ్చే సాక్ష్యంతోనే వస్తుందన్నాడు. అక్కడితో ఆగకుండా, ఆత్మ పని కొత్త సంగతులు చేర్చడం కాదు, చెప్పిన సంగతినే మనసులో ముద్రించడం అని గీత గీశాడు. ఈ గీత చెరిగిపోయిన చోట, ఎవరికి వచ్చిన కల వారికి లేఖనమైపోతుంది.

ఈ ప్రశ్నకు క్రైస్తవులు ఇచ్చిన జవాబులన్నీ చూడాలంటే యూరప్ దాకా పోనక్కర్లేదు, సీమ పటం చాలు. కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతాల్లో పనిచేసిన లండన్ మిషన్ వారిది సంఘస్వతంత్ర సంప్రదాయం. స్థానిక సంఘం కూడి ప్రార్థించి తేల్చుకుంటే అందులో క్రీస్తు నడిపింపు ఉందని వారి నమ్మకం. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు వచ్చిన ఆంగ్లికన్ మిషన్ వారికి, అపొస్తలుల నుంచి చేతులుంచి అప్పగిస్తూ వచ్చిన బిషప్పుల వరుస ముఖ్యం. కర్నూలులో పాతుకున్న అమెరికన్ బాప్టిస్టులు, బైబిలు చేతబట్టిన విశ్వాసి మనస్సాక్షి మీద బరువు పెట్టారు. కర్నూలులో, కడపలో మేత్రాసనాలు (బిషప్పు పీఠాలు) ఉన్న కతోలికులకు, లేఖనంతోపాటు సంప్రదాయం, వాటిని వ్యాఖ్యానించే శ్రీసభ (కతోలిక సంఘం) బోధనాధికారం ఉన్నాయి. తర్వాత వచ్చిన పెంతెకొస్తు సంఘాలు ఆత్మ ఇప్పుడు, ఇక్కడ పలుకుతాడన్నాయి. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు కడప వైపు లండన్ మిషన్ సంఘాలు అందులో చేరితే, నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది బయటే ఉండిపోయారు. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని పాదిరులను అంగీకరించడం వారికి మింగుడుపడలేదు. దశాబ్దాల తర్వాత గానీ నంద్యాల ఆ కూటమిలోకి రాలేదు. బయటివాళ్లకు ఇది పాదిరుల తగవులా కనిపిస్తుంది. లోపలున్న ప్రశ్న మాత్రం చిన్నది కాదు: దేవుడు నేర్పుతాడు సరే, ఎవరి నోటి ద్వారా నేర్పాడని నమ్మాలి?

ఈ జవాబులన్నిటి కింద సీమకు తనదైన మరో పొర ఉంది. ఇది గురువుల నేల. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మేంద్రస్వామి మఠం, ఆయన శిష్యుడు సిద్ధయ్య కథ, కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన సమాధి, కడపలో అమీన్ పీర్ దర్గా... మతం ఏదైనా ఇక్కడ సత్యం ఒక మనిషి నోటి నుంచి మరో మనిషి చెవిలోకి నడిచింది. గురువు లేని విద్య గుడ్డి విద్య అన్న సామెత అందరి నోటా ఉన్నదే. పాస్టరుగారు ఈ పీఠం కావాలని అడగకపోయినా జనమే తీసుకెళ్లి అందులో కూర్చోబెడతారు. “అయ్యగారు చెప్పినారంటే దేవుడు చెప్పినట్టే” అన్న మాట భక్తిగానే పుడుతుంది. యేసు మాత్రం మత్తయి 23వ అధ్యాయంలో ఆ పీఠాన్నే లాగేశాడు: “మీరైతే బోధకులని పిలువబడవద్దు, ఒక్కడే మీ బోధకుడు, మీరందరు సహోదరులు.” దేవుని నుంచే నేర్చుకోవాలన్న బోధకు మొదటి దెబ్బ తగలాల్సింది బోధకుడికే. సీమలో చాలాచోట్ల అది తలకిందులై, ఆ బోధే బోధకుడికి గొడుగు పడుతోంది. దొంగ గురువులను దులిపేసిన వేమన పద్యాలు వింటూ పెరిగిన జనానికి ఈ సంగతి అంత త్వరగా తట్టకపోవడం ఆశ్చర్యమే.

“ఎవడును మీకు బోధింపనక్కరలేదు” అన్న యోహాను మొదటి పత్రిక వచనం కూడా ఇలాగే వాడుకలో నలిగిపోయింది. సంఘం విడిచి వెళ్లి, తమకే ప్రత్యేక జ్ఞానం ఉందని విశ్వాసులను గందరగోళపెట్టినవారికి జవాబుగా ఆయన ఆ మాట రాశాడు. మీకు మొదట అందిన బోధ చాలు, వాళ్ల కొత్త మర్మాలు అక్కర్లేదని భావం. ఎవరూ బోధించనక్కర్లేదని బోధిస్తూ అయిదు అధ్యాయాల ఉత్తరం రాసిన మనిషి, బోధనే వద్దంటాడా? ప్రతి ఆత్మనూ నమ్మకుండా పరీక్షించమని నాలుగో అధ్యాయంలో చెప్పిందీ ఆయనే.

నిజంగా దేవుడే చెప్పాడనుకుందాం. అప్పుడైనా చెప్పినవాడి తర్వాతి మాటకు పూచీ ఉందా? మత్తయి 16వ అధ్యాయం దీనికి తిరుగులేని జవాబు. నువ్వు క్రీస్తువని పేతురు ఒప్పుకున్నప్పుడు, ఈ సంగతి నరులు కాదు, పరలోకమందున్న తండ్రి నీకు బయలుపరచాడని యేసు స్వయంగా ధ్రువీకరించాడు. ఇంతకంటే గట్టి ప్రత్యక్షత ఎవరికీ దొరకదు. అయిదారు వచనాలు గడిచాయో లేదో, శ్రమలు నీకు దూరమగుగాక అని అదే పేతురు అడ్డుపడితే, “సాతానా, నా వెనుకకు పొమ్ము” అన్న మాట పడింది. దేవుని సంగతులు కాక మనుషుల సంగతులు తలుస్తున్నావని యేసు గద్దించింది, ఇప్పుడే దేవుని నోటి మాట పలికినవాణ్ని. ఏళ్లు గడిచాక అంతియొకయలో పౌలు ఇదే పేతురును అందరిముందు ముఖాముఖి నిలదీశాడు. ఒకసారి దర్శనం చూసిన మనిషి ఆ తర్వాత చెప్పిందల్లా దైవవాక్కని ఒప్పుకోవడానికి సువార్తల్లో చోటు లేదు.

దీని పర్యవసానాలు పుస్తకాల్లో ఉండవు, ఇళ్లలో ఉంటాయి. ప్రార్థన చేశాం కాబట్టి షుగరు సూది మానేయమన్న సలహా, మూర్ఛలకు మాత్రలు వద్దన్న ‘నడిపింపు’, పిల్లకు ఇష్టం లేకపోయినా దర్శనంలో చూపించారని కుదిర్చిన సంబంధం, ‘దేవుడు నీ పేరు చెప్పాడ’ంటూ అడిగిన డబ్బు. ఫలించిన ప్రవచనాన్ని వేదిక మీద సాక్ష్యంగా చెప్పిస్తారు. ఫలించనిదాన్ని ఎవరూ గుర్తుచేయరు. అనంతపురం వైపు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు పాయింటు చూసేవాడి సంగతీ ఇంతే: నీళ్లు పడిన బోరు ఊరంతా తెలుస్తుంది, ఎండిన బోరు అప్పుపత్రంలోనే ఉండిపోతుంది. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం ఈ లెక్క చూడమంటుంది. యెహోవా పేరిట చెప్పిన మాట జరగకపోతే అది ఆయన చెప్పింది కాదు, ప్రవక్త అహంకారంతో చెప్పింది, అతనికి భయపడనక్కర్లేదు అని తేల్చేస్తుంది. ఈ వచనం క్యాలెండర్ల మీద ఎందుకు రాదో వేరే చెప్పాలా?

మందుల విషయంలో సీమ చరిత్రే ఎదురు సాక్ష్యం. ఇక్కడి పల్లెలకు సువార్త తెచ్చిన మిషన్లే ఆస్పత్రులు కట్టాయి. జమ్మలమడుగులో 19వ శతాబ్దం చివర లండన్ మిషన్ వైద్యుడు క్యాంబెల్ మొదలుపెట్టిన ఆస్పత్రి ఆయన పేరుతోనే నిలిచింది. రోగి మంచం దగ్గర ప్రార్థన చేసిన చేతులే గాయానికి కట్టు కట్టాయి. మనిషి తెలివితో కనిపెట్టిన మందు దేవుని పనికి అడ్డమని వారికి తోచలేదు.

ఆత్మ నడిపింపు, తర్కం ఒకే గదిలో ఎలా ఉండగలవో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చూపుతుంది. అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసులు సున్నతి పొందాలా వద్దా అని యెరూషలేములో పెద్దలు కూర్చున్నారు. ఎవరూ లేచి ‘దేవుడు నాతో చెప్పాడు’ అని చర్చ ముగించలేదు. “బహు తర్కము” జరిగింది. పేతురు తన అనుభవం చెప్పాడు. బర్నబా, పౌలు జరిగిన సంగతులు వివరించారు. యాకోబు ప్రవక్తల మాటలతో పోల్చి చూశాడు. అంతా అయ్యాక రాసిన ఉత్తరంలో “పరిశుద్ధాత్మకును మాకును తోచెను” అన్నారు. ఆత్మ పేరు ముందుంది, ‘మాకును’ అన్నది కూడా ఉంది. అనుభవం, జరిగిన వాస్తవాలు, లేఖనం, పదిమంది చర్చ — ఇవన్నీ దాటి వచ్చిన తీర్పు కాబట్టే ధైర్యంగా ఆత్మ పేరు పెట్టగలిగారు. బెరయలో పౌలు బోధ విన్నవారు “ఆలాగున్నవో లేవో” అని రోజూ లేఖనాలు వెతికితే, వారిని అవిశ్వాసులని ఎవరూ అనలేదు. ఘనులని రాశారు.

ఈమధ్య ఆ వెతుకులాట కొత్త చోట కనబడుతోంది. ప్రసంగికుడు రెఫరెన్సు చెప్పగానే ముందు వరసలో ఒకామె లేచి ముక్కముక్కగా చదవడం, ఆయన ఒక్కో ముక్క పట్టుకుని వివరించడం పల్లె కూటాల్లో పాత పద్ధతి. ఇప్పుడు వెనక వరసలో డిగ్రీ చదివే ఆడపిల్లలు ఫోనులో బైబిలు యాప్ తెరిచి, ఆయన చెప్పిన వచనానికి ముందున్నవీ వెనకున్నవీ చదివేస్తున్నారు. కూటం అయ్యాక, “అయ్యగారూ, ఆ కింది వచనంలో ఇంకోలా ఉంది కదా?” అని అడిగేవాళ్లూ తయారయ్యారు. కొందరు పాస్టర్లు మందిరంలో ఫోన్లు వద్దంటున్నారు. మెసేజ్‌లు చూసుకుంటారన్న భయం అబద్ధమేమీ కాదు. ఇంకొందరు మాత్రం ఆ పిల్లల్నే పిలిచి, ఆదివారం చెప్పబోయే అధ్యాయం శనివారమే చదివి ప్రశ్నలు రాసుకు రమ్మంటున్నారు.